శుక్రవారం విడిచి వచ్చిన రోలు

మా రోలు కడుపు మీద తెల్ల రంగుతో ఒక నంబరు ఉంది. దాన్ని నేను సీకాయపొడితో తోమాను, కిరసనాయిలుతో తుడిచాను, కొబ్బరిపీచుతో అరచెయ్యి మంటెత్తేదాకా రుద్దాను. పోలేదు. రాయిలోకి ఇంకిపోయే రంగు తెప్పించి వేశారట. వేసినవాళ్ళు కాలేజీ పిల్లకాయలు. వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో తెలియదు కానీ, అందులో నీలం చొక్కా వేసుకున్నవాడు ఎదురైతే ఈ రోజుకీ గుర్తుపడతాను.

ఆ రోలు ఉన్న చోటు మ్యూజియం. గుడియాత్తం నుంచి వేలూరు పోయే బస్సెక్కి, కొబ్బరితోపుల దగ్గర దిగి, మట్టిదారిన లోపలికి నడిస్తే వస్తుంది. ఒకప్పుడు అది పెద్ద సేద్యగాళ్ళ ఇల్లు. పొలాల మధ్య కట్టుకున్న అలాంటి ఇంటిని ఇక్కడ పణ్ణై ఇల్లు అంటారు. ముందు చెక్క స్తంభాల వసారా, నడుమ ఆకాశం కనిపించే తొట్టి, తొట్టి చుట్టూ గదులు, వెనక గాదెలూ పశువుల కొట్టమూ. కట్టినవాళ్ళ మనుమలు చెన్నైలో స్థిరపడిపోయి, ఇంటిని చుట్టుపక్కల పెద్దమనుషుల సంఘం ఒకదానికి అప్పగించారు. ఈ ప్రాంతపు పాత బతుకును చూపించే మ్యూజియం చేస్తామని సంఘంవాళ్ళు అన్నారు. ఆ పాత బతుకులో నేనూ నా రోలూ ఎలా ఇరుక్కున్నామో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

నేను పుట్టింది పొన్నై ఏటికి అవతల, ఆంధ్రా వైపు. పదో తరగతి దాకా తెలుగులో చదివాను, వ్యాసరచనలో బహుమతి కూడా వచ్చింది. పెళ్ళై గుడియాత్తం వచ్చాక ఆ చదువు దేనికీ పనికిరాలేదు. మా కాలనీలో ఇంటింటా తెలుగే మాట్లాడతారు, కానీ ఆ అక్షరాలు ఒక్కరికీ రావు. వాళ్ళు చదివేది అరవం. నాకు అరవం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బస్సు మీద ఊరిపేరు కూడా పక్కనున్నవాళ్ళను అడిగి తెలుసుకోవాలి. మొదట్లో మా తోటికోడలు నవ్వింది, చదువుకున్న అక్క ఉందనుకుంటే బోర్డు కూడా చదవలేదే అని. ఆమె ఆ మాట అన్నప్పుడు చింతపండు పిసుకుతూ ఉంది. తల కూడా ఎత్తలేదు.

నా భర్త మేస్త్రీ. వాళ్ళది తరతరాలుగా ఇళ్ళు కట్టే కుటుంబం. ఇప్పుడు అందరూ సిమెంటు పనికే పోతారు. కనియంబాడిలో కొత్త ఇళ్ళు, వేలూరులో మేడలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి. పాత గానుగ సున్నం పని మా మామ దగ్గర నేర్చుకున్నందువల్ల నా భర్తను వెతుక్కుంటూ సంఘంవాళ్ళు మా కాలనీకి వచ్చారు. కూర్చోవడానికి పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చాను. కాఫీ కలిపి ఇచ్చాను. సంఘం కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు. ఆయన లోటా చేతిలోకి తీసుకుని, తాగకుండా కింద పెట్టేశాడు. షుగరు ఉందన్నాడు. తర్వాత అదే మనిషి మ్యూజియంలో రెండో చెంచా చక్కెర అడిగి వేయించుకోవడం నేను చూశాను.

మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. నెలల తరబడి సాగే పని ఒప్పుకుంటే ఇల్లంతా పనిచోటికి కదులుతుంది. మంచాలు, గిన్నెలు, కోళ్ళు, అన్నీ. అన్నిటికన్నా ముందు రోలు దిగాలి. దాన్ని కడిగి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించాలి. పని ముగిసి తిరిగొచ్చేటప్పుడు అన్నిటికన్నా చివర రోలు ఎక్కాలి. మా రోలు మరీ పెద్దది కాదు, ఇద్దరు మగవాళ్ళు ఎత్తగలిగేంత. రాతిపని చేసే మా అత్త తండ్రి దాన్ని కూతురి పెళ్ళికని తానే చెక్కి ఇచ్చాడు. అంచు ఒకచోట కొంచెం పగిలి ఉంటుంది. ఆ పగులు మా అత్త మొదటి కాన్పప్పటిదట. దాని కథ చెప్పేటప్పుడు తప్ప ఆమె నవ్వగా నేను చూడలేదు.

ఆ పణ్ణై ఇంట్లో మేము ఎండాకాలం మొదలుకొని వానలు వెనక్కు తగ్గేదాకా ఉన్నాం. పశువుల కొట్టంలో కాపురం. నా భర్త సున్నం నానబెట్టించేవాడు, నేను కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ మోసేదాన్ని. గోడలు గుడ్డు పెంకులా నునుపు తేలేదాకా రాయితో రుద్దాం. మధ్యాహ్నాలు అత్త రోట్లో ఊరుబిండి నూరేది. పని చూడటానికి వచ్చిన సంఘంవాళ్ళు వాసనకు వెనక్కి వచ్చి, సంగటిలోకి అది నంజుకుని, ఇంకొంచెం వెయ్యమని అడిగి తినేవాళ్ళు. ఆ రోలు ఎవరిదో వాళ్ళ నాలుకలకు తెలుసు. తర్వాత నోటికి తెలియకుండా పోయింది.

ప్రారంభోత్సవం శనివారం పొద్దున అని నిర్ణయించారు. శుక్రవారం సాయంత్రానికి కొట్టం ఖాళీ చెయ్యమన్నారు, వ్యాన్ కూడా వాళ్ళే పంపించారు. అన్నీ ఎక్కించాక నా భర్త, మరో పనివాడూ రోలు దగ్గరికి పోతే అత్త అడ్డం నిలబడింది.

"శుక్రవారం పూట రోలు గడప దాటితే ఇంట్లో లక్ష్మి నిలవదు. కావల్లంటే నన్ను ఎత్తి బండిలో ఎయ్యండి. దాని మింద చెయ్యి పెట్టబాకండి."

"ఏం అవ్వా, రోలుకు గూడా శుక్రవారం లీవా?" అన్నాడు వ్యాన్ డ్రైవరు. అతనూ మా కాలనీవాడే.

"ఒక్క రాత్రే గదమ్మా, రేపు నేనే వచ్చి ఎత్తుకొస్తా" అని నా భర్త సర్దిచెప్పాడు. రోలును వెనక వసారాలోకి జరిపి, గోనెపట్ట కప్పి, మేము వచ్చేశాం. వద్దని నేను అనలేదు. నేననడానికి అక్కడ నాకు మాట ఎక్కడుంది? శుక్రవారం అన్నది అత్త, రేపు అన్నది ఆమె కొడుకు. అయినా అప్పటినుంచి మా ఇంట్లో "రోలును విడిచొచ్చిన కోడలు" అన్న పేరు నాకు స్థిరపడింది.

శనివారం మమ్మల్నీ పిలిచారు. లైట్లు వేసిన వేలూరు కాంట్రాక్టరును వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. నా భర్తను పిలవడం మర్చిపోయారు. భోజనాల దగ్గర ఎవరికో గుర్తొచ్చి, పంక్తిలో కూర్చుని సాంబారన్నం కలుపుకుంటున్న మనిషి భుజాల మీద శాలువా పడేశారు. దాని కొంగు విస్తట్లో పడింది. ఆ రోజు తీసిన పెద్ద ఫోటో ఇప్పుడు ముందు గదిలో వేలాడుతోంది. అందులో ఎడమ పక్క చివర ఒక మోచెయ్యి, రెండు గాజులూ ఉంటాయి. ఆ మోచెయ్యి నాది.

జనం పలచబడ్డాక వెనక వసారాకు వెళ్ళి చూశాను. నీలం చొక్కా వేసుకున్న కాలేజీ పిల్లవాడొకడు రంగుడబ్బాతో నాకు ఎదురొచ్చాడు. గోనెపట్ట లేదు. రోలు చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి ఉంది, పక్కన అరవంలో రాసిన ఒక అట్ట నిలబెట్టి ఉంది. మా రోలుకు ఎవరూ తట్టుకోకుండా ఎంత జాగ్రత్త తీసుకున్నారో అని సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు నా కూతురు ప్లస్ టూ చదువుతోంది. అట్ట చదివి, మళ్ళీ చదివి, నా వైపు తిరిగింది.

"ఈ ఇంటి ఆడోళ్ళు తరతరాలుగా వడ్లు దంచుకున్న రోలు అని రాసినారమ్మా."

ఆ ఇంటి ఆడవాళ్ళు రోకలి పట్టి ఉంటే అది వాళ్ళ ఇంట్లో పెద్ద వార్తయి ఉండేది. నేను ఆ నిమిషమే కార్యదర్శి దగ్గరికి పోయాను. ఆయన చుట్టూ జనం ఉన్నారు. నేను చెప్పిందంతా విని, చిరునవ్వుతో, "పాక్కలామ్మా" అన్నాడు. చూద్దాంలే అని. అరవంలో నాకు బాగా తెలిసిన మాట అదే. రేషన్ షాపులో, స్కూల్లో, కరెంటాఫీసులో, ఎక్కడ నిలబడినా చివరికి నా చేతిలో పెట్టి పంపేది ఆ మాటే.

ఆదివారం నా భర్త మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. అప్పటికి నంబరు వేసి ఉంది. ప్రారంభోత్సవం నాటికి గోడల లోపల ఏమేమి ఉన్నాయో అవన్నీ మ్యూజియం సొత్తని ఇంటివాళ్ళు ఒప్పందం రాసిచ్చారట. ఒక్క రాయి బయటికి పంపితే, కాడీమేడీ ఇచ్చినవాళ్ళందరూ రేపు తలుపు దగ్గర నిలబడతారట. మీ రోలే అని సాక్ష్యమేమిటి అని కూడా అడిగారట. మీరు తిన్న ఊరుబిండి సార్ సాక్ష్యం అని నేనైతే అనేదాన్ని. నా భర్త అనలేదు. అప్పుడు ప్రహరీ గోడ పని ఇంకా మిగిలి ఉంది, అది తనకే వస్తుందని ఆయన ఆశ. వచ్చిందా అంటే రాలేదు. అది కాంట్రాక్టరుకు పోయింది.

నేను పోతూనే ఉన్నాను. గుడియాత్తంలో సంతకు పోయినా, వేలూరులో చుట్టాలను చూడబోయినా, తిరుగుదారిలో కొబ్బరితోపుల దగ్గర దిగేదాన్ని. కార్యదర్శికి నా చెప్పుల చప్పుడు తెలిసిపోయింది. "వందాచ్చా" అనేవాడు, వచ్చేసిందా అని, నేను మనిషిని కాదు జ్వరాన్ని అన్నట్టు. ఇంట్లో అత్త పోరు. ఎక్కడైనా ఒక చట్నీ రుచి తగ్గినా, ఒక పెళ్ళిచూపులు తప్పిపోయినా రోలు లేకపోవడం వల్లే. మిక్సీ శబ్దం వింటే ఆమె కొంగు చెవుల మీదికి లాక్కునేది. "రాయే గదక్కా, గ్రైండరు కొనుక్కుంటే పోలా" అంది మా తోటికోడలు. తన రోలు తన వాకిట్లో ఉన్నవాళ్ళు అలాగే అంటారు.

తర్వాత నా భర్త గోడపనికి కట్టిన సారువ మీంచి జారిపడ్డాడు. నడుము పట్టేసింది, బరువు పని మానేయాల్సి వచ్చింది. అదెలా తెలిసిందో, కార్యదర్శి మా ఇంటికి మనిషిని పంపాడు. మ్యూజియం ఊడ్చి తుడవడానికీ, బడిపిల్లలు వచ్చినప్పుడు రోట్లో దంచి చూపించడానికీ ఒక ఆడమనిషి కావాలట. రోలు అంటే నాకు అంత ప్రాణం కాబట్టి నేనే రావచ్చట. నా భర్త ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను. రోలు పక్కన ఉంటే ఒకరోజు కాకపోతే ఒకరోజు దాన్ని తెచ్చుకోవచ్చు అనుకున్నాను. ఆ తలుపులో దూరడం అంత సులువు. బయటికి రావడానికే దారి లేదు.

వచ్చేపోయే జనం ముందు నేను నా రోట్లోనే దంచుతాను. వాళ్ళిచ్చిన నేతచీర కట్టుకోవాలి, గోచీ పోసి. మావాళ్ళెవరూ అలా కట్టరు. దంచమని గుప్పెడు కొర్రలు ఇస్తారు. దంచాక అవి ఏ వంటకూ పోవు, మరుసటి బస్సుకు మళ్ళీ అవే. పొడి పొడి అయినా అవే. టీచరమ్మలు పిల్లలకు నన్ను చూపించి, మన ముత్తవ్వలు ఇలా ఉండేవాళ్ళు అని చెబుతారు. నాకు అప్పటికి నలభై దాటి కొంచెమే. ఒకసారి ఒక పిల్ల నా చెయ్యి గిల్లి చూసింది, నేను బొమ్మనో మనిషినో తేలక.

మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను. నేను మానేస్తే ఇంకొకతెను పెడతారు. ఆ ఇంకొకతె నా రోట్లో రోకలి వేస్తుంది. ఆ చప్పుడు నేను వినకపోయినా నాకు తెలుస్తుంది. అందుకని పొద్దున్నే బస్సెక్కుతాను. సాయంత్రం గేటు వేసేటప్పుడు రోలు లోపల, నేను బయట. పొద్దుటి నుంచి ఇద్దరం లోపలే. ఇది ఉద్యోగమో శిక్షో చెప్పమంటే మా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు. రోజూ వెళ్ళి దాన్ని చూసి కూడా ఉత్తచేతుల్తో వస్తావా అని అత్త సాధిస్తుంది. రాయిని కొంగున కట్టుకుని రావాలా అని నేను. ఆమె గోడ వైపు తిరుగుతుంది.

ఇలా ఉండగా నా కూతురికి సంబంధం కుదిరింది. అప్పటికి అది చెప్పుల కంపెనీలో పనికి పోతోంది. పిల్లవాడిది నెమిలి అనే ఊరి దగ్గర, కరెంటు వైరింగ్ పని. మంచివాడు. ముహూర్తాలు పెట్టుకున్న రోజు రాత్రి అత్త మంచం మీద లేచి కూర్చుని, పసుపు ఎక్కడ కొడతారు అని అడిగింది.

మా ఇళ్ళలో పెళ్ళిపని మొదలయ్యేది పసుపు కొట్టడంతో. ఇంటి రోలును కడిగి, దాని మెడకు పసుపుకొమ్ము కట్టిన దారం చుట్టి, ముత్తైదువులు ఐదుగురు పసుపు దంచాలి. ఆ పసుపే పెళ్ళికూతురి ఒంటికి, ఆ పసుపే తాళికి. మా అత్త ఆడబిడ్డలు, ఆమె కూతుళ్ళు, అందరూ ఆ రోట్లో కొట్టిన పసుపుతోనే గడప దాటారు. మేనత్తలందరికీ జరిగిన పని నా కూతురికి జరగకపోతే ఆ లోటు నా పేరు మీదే రాసిపెట్టి ఉంటుంది, నేను పోయాక కూడా. నాకు అదొక్కటే భయం. మండపం ఎంత పెద్దది, ఎన్ని రకాలు వడ్డించారు, అవేవీ కాదు.

ఒక్క రోజుకు రోలు ఇప్పించమని అడిగాను. పొద్దున తీసుకెళ్ళి పొద్దుగూకే లోపల దింపుతాం, కావాలంటే మీ మనిషిని కూడా పంపండి అన్నాను. "పాక్కలాం" అన్నాడు కార్యదర్శి. సంఘం కూర్చుంది. నేను తొట్టి చుట్టూ నేల తుడుస్తూ విన్నాను. రోలు బయటికి పోకూడదు. కానీ పసుపు కొట్టడం అక్కడే, మ్యూజియంలోనే చేసుకోవచ్చు. పాతకాలపు పెళ్ళి ఆచారం అని బ్యానరు కడతారు, పేపరువాళ్ళను పిలుస్తారు, చుట్టుపక్కల బడుల పిల్లలను కూర్చోబెడతారు.

అది విని నా భర్త సంబరపడ్డాడు. వాళ్ళ కాఫీ అప్పటికే తాగేసి వచ్చాడు. నేను ఒప్పుకోలేదు. అక్కడ కొడితే అది ఇక వాళ్ళ రోలే. నా కూతురు దాని పక్కన నిలబడిన ఫోటో గోడ మీద ఉంటుంది, కింద ఒక అట్ట ఉంటుంది, ఆ అట్ట మీద ఏముందో నేను మళ్ళీ ఎవరినో అడగాలి. కొట్టకపోతే అత్త పెళ్ళికి రానంటోంది. ఎటు తిరిగినా గోడే.

చివరికి నా కూతురే వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. మెల్లగా మాట్లాడింది. అరిచి ఉంటే నాకు అంత తగిలేది కాదు.

"అమ్మా, నాకు పెండ్లి కావల్ల. నీకు రోలు కావల్ల. నువ్వు రెండూ ఒగటే అనుకుంటా ఉండావు. పాకెట్టు పసుపు తెచ్చుకున్నా నాకు పెండ్లి అయితాది. నీకే కాదు."

కన్నకూతురు అన్న మాట కాబట్టి దాన్ని మిగతావాటితో కలపను. విడిగా పెట్టుకున్నాను.

మరునాడు కార్యదర్శికి నా షరతులు చెప్పాను. బ్యానరు వద్దు, పేపరువాళ్ళు వద్దు, బడిపిల్లలు వద్దు. మ్యూజియం మూసి ఉండే రోజు చేసుకుంటాం. అది శుక్రవారం. ఆయన కొంచెంసేపు గడ్డం గోక్కుని సరేనన్నాడు. ఆ తర్వాత నవ్వుతూ ఒక మాట అన్నాడు. శుక్రవారమైతే తనకూ మంచిదేనట, ఆ రోజు మేము రోలును ఎత్తుకుపోతామన్న భయం లేదట. ఇన్నేళ్ళూ నేను మొత్తుకున్నదంతా చెవిన పడలేదనుకున్నాను. వినే ఉన్నాడు. కావలసినంత మటుకు ఏరి పెట్టుకున్నాడు.

ఆ శుక్రవారం మా కాలనీ ఆడవాళ్ళందరం ఒక వ్యానులో వెళ్ళాం. గేటు తాళం నేనే తీశాను. నేతచీర కాకుండా నా పట్టుచీరలో ఆ వసారాలోకి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. రోలు కడిగాను. నంబరు మీద పసుపు దట్టంగా మెత్తాను. ముగ్గు వేశాం. అత్త తాను ముత్తైదువ కాదు కాబట్టి దగ్గరికి రానంది. వసారా మెట్ల మీద కూర్చుని అక్కణ్ణుంచే అన్నీ చెబుతోంది, నీళ్ళు ఎక్కువైనాయి, ఆకు తిరగేసి పెట్టినావు, ఇట్లా. కార్యదర్శి స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పేపరువాళ్ళు వద్దన్నాం కదా అని తన అన్నకొడుకును తెచ్చాడు, మెడలో కెమెరాతో.

దారం కట్టడానికి నేను వంగాను. అప్పుడు అత్త మెట్ల మీంచి అంది, అందరికీ వినపడేట్టు.

"గట్టిగా కట్టు మే. కట్టిన చెయ్యే ఇప్పల్ల. బిడ్డ మొగుడితో తిరిగొచ్చినాక, మన వాకిట్లో ఇప్పల్ల. అంతదాకా ఆ రోట్లో ఇంగొగ గింజ పడగూడదు."

ఈ మాట నాకు కొత్త కాదు. ప్రతి పెళ్ళిలోనూ ఆమె చెప్పేదే. ఎప్పుడూ రోలు మా వాకిట్లోనే ఉండేది కాబట్టి ఎవరూ పట్టించుకున్నది లేదు. దారం నా వేళ్ళ మధ్య ఉంది. అత్త వైపు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు, కార్యదర్శి వైపు చూస్తోంది. ఆయన తల ఊపుతూ నవ్వుతున్నాడు, తెలుగు అర్థం కాక. నేను ఆ దారాన్ని ఇంకో చుట్టు చుట్టి, ముడి మీద ముడి వేశాను.

పసుపు కొట్టాం. మొదటి దెబ్బకు రోలు పలికిన చప్పుడు కొర్రలు దంచినప్పటిది కాదు. మా తోటికోడలు పాట ఎత్తుకుంది. ఆమె గొంతు బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. కెమెరా పిల్లవాడు నా ముఖం కోసం అటూ ఇటూ తిరిగాడు. అతను ఎటు వస్తే అటు నేను వీపు పెట్టాను. ఆ ఫోటో కూడా ఇప్పుడు ముందు గదిలో ఉంది, మోచేతి ఫోటో పక్కన. నా వీపు బాగా వచ్చింది. నా కూతురి ముఖం మీద పసుపు పొడి, నవ్వుతోంది. రోజూ ఆ అద్దం తుడుస్తాను.

పెళ్ళి బాగా జరిగింది. అత్త ముందు వరసలో కూర్చుంది.

కొన్నాళ్ళకు కూతురూ అల్లుడూ మొదటిసారి ఇంటికి వచ్చారు. ఆ రోజు ఇద్దరినీ వెంటబెట్టుకుని మ్యూజియానికి వెళ్ళాను. కార్యదర్శి స్వీటు డబ్బా తెప్పించాడు. దారం విప్పుతానని ఆయన ఎదురుచూస్తున్నాడు. పెళ్ళిసందడి అయ్యేదాకా బడిబస్సులు రావద్దని చెప్పి ఉంచాడు, ఇక రమ్మనాలి. నేను రోలుకు బొట్టు మాత్రం పెట్టి లేచాను. విప్పలేదేమిటని అడిగాడు. అది మా వాకిట్లో విప్పాల్సింది సార్ అన్నాను. ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ముఖం ఎర్రబడింది. ఇది మోసం అన్నాడు. పెళ్ళికూతురివి, నువ్వైనా మీ అమ్మకు చెప్పమ్మా అని నా కూతురి వైపు తిరిగాడు.

అది నన్ను చూసింది. పొయ్యి దగ్గర అన్న మాట మళ్ళీ అంటుందేమో అనుకున్నాను. అది కొంగు సర్దుకుని, చక్కటి అరవంలో, మా ఇంట్లో అంతే సార్, మా వాకిట్లోనే విప్పాలి, రోలు ఎప్పుడు పంపిస్తారో చెప్పండి, మేము నెమిలి నుంచి మళ్ళీ వస్తాం అంది. అల్లుడు స్వీటు నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. మెట్లు దిగేటప్పుడు నా కూతురు నా చెయ్యి పట్టుకుంది.

అప్పటినుంచి ఆ దారం అలాగే ఉంది. కత్తెర కార్యదర్శి టేబుల్ మీదే ఉంటుంది. ఆయన కత్తిరించడు. ఆయన ఇంట్లోనూ మనుమరాలికి సంబంధాలు చూస్తున్నారు. సంఘంలో ఒక్కొక్కరికీ ఇంట్లో ఎవరో ఒకరు పెళ్ళికి ఉన్నారు. పెళ్ళిదారం తెంచిన చెయ్యి తనది కావాలని ఎవరూ అనుకోరు. నన్ను తీసేసి ఇంకొకతెను పెట్టాలని చూశారు. ఆమె వచ్చింది, రోకలి చేతిలోకి తీసుకుంది, రోలు మెడ చూసింది, రోకలిని గోడకు ఆనించి మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. మళ్ళీ నన్నే పిలిచారు. బడిపిల్లలు వస్తే, దంచడం ఈ రోజు లేదని టీచరమ్మలకు చెబుతాను. ఎందుకంటే చూపిస్తాను. పిల్లలు దారం వైపు చూసి దూరంగా నిలబడతారు.

నాకు మాత్రం తేలికగా ఉందని కాదు. ఒక దారం విప్పనిదే ఆ ఇంటిపేరువాళ్ళు వేరే రోటికైనా ఇంకో దారం కట్టకూడదు. మా తోటికోడలి కొడుక్కు పిల్ల కుదిరింది, ముహూర్తం పెట్టుకోలేక కూర్చున్నారు. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. రాయే గదక్కా అన్నది ఆమే కదా, రాయి కోసం ఆగాల్సి వచ్చింది. నా భర్త రోజుకొకసారి, విప్పేస్తే ఏం పోతుంది మే అంటాడు. వచ్చే ముహూర్తాల నెల దగ్గరపడుతోంది. దారం వానజల్లుకు తడిసి, ఎండకు పాలిపోయి, ఒకచోట పోగులు లేచింది. దానంతట అది తెగితే నేనేమీ చెయ్యలేను. అందుకని గాలివాన పట్టిన రోజుల్లో రోలు మీద నా పాత చీర చుట్టి వస్తున్నాను.

మొన్న కార్యదర్శి వసారాలోకి వచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ముసలాయన అలసిపోయి ఉన్నాడు. సంఘం మళ్ళీ కూర్చోబోతోందనీ, ఏదో ఒక దారి చూస్తారనీ, ఈలోగా నేను కొంచెం తగ్గాలనీ అన్నాడు. ఎప్పుడు విప్పుతావు చెప్పమ్మా అని అడిగాడు.

"పాక్కలాం సార్" అన్నాను.

ఆయన కోప్పడలేదు. నాతో కాఫీ పెట్టించుకుని, రెండు చెంచాల చక్కెర వేసుకుని తాగి వెళ్ళాడు.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. అత్త మంచం మీద నుంచే అడిగింది.

"ఇప్పినావా?"

"లేదత్తా."

"రేపు శుక్రవారం. రేపూ ఎత్తుకొచ్చేదానికి లేదు" అని, గోడ వైపు తిరగకుండా, నేను కాళ్ళు కడుక్కుని వచ్చేదాకా నా వైపే చూస్తూ పడుకుంది.